అండాలు మగ్గమెక్కిన దసరా

అనగనగా ఒక ఊళ్ళో, కోడికూత కంటే ముందే మగ్గాల చప్పుడు లేచే నేతగాళ్ళ వాడ ఒకటి ఉండేదిరా కన్నా. ఆ వాడలో సత్తెయ్యకు అండాలని ఒక్కగానొక్క కూతురు. ఆ పిల్లకు మగ్గమంటే ప్రాణం.

వాడకొక ఆచారం ఉంది. కొత్తగా మగ్గమెక్కే పిల్లలు దసరా నాడు పెద్దల ముందు జానెడు గుడ్డ నేయాలి. పోగు తెగిందా, మళ్ళీ దసరా దాకా మగ్గం ముట్టకూడదు.

అండాలుకేమో ఉన్నట్టుండి భుజం ఎగిరేది. గొంతులోంచి "కుహ్" అని చప్పుడొచ్చేది. కావాలని చేసేది కాదు, పాపం. వాడంతా మాత్రం వెక్కిరిస్తోందనుకుంది. కులపెద్ద కిష్టయ్య, ఈ కోతిచేష్టలు మానితేనే మగ్గం అనేశాడు.

అప్పుడు నాయనమ్మ ఎండుమిరపకాయలతో దిష్టి తీసింది. ఇంటిల్లిపాదీ దగ్గారు. భుజం ఎగురుతూనే ఉంది.

ఆ తర్వాత తల్లి, పొద్దంతా కదలకుండా ఉంటే అరిసెలు పెడతానంది. పిల్ల పళ్ళ బిగువున ఆపుకుంది. సాయంత్రానికి ఆపుకున్నదంతా ఒక్కసారే మీద పడింది. అరిసె పట్టుకోవడానికి కూడా చెయ్యి నిలవలేదు.

ఆ తర్వాత సత్తెయ్య బుర్రకు పని చెప్పాడు. ఎంతైనా నేతగాడి బుర్ర కదా! మగ్గం మీద వదులైన పడుగు దారాలను బిగిస్తే నిలుస్తాయి, భుజమూ అంతేననుకుని కొత్తగుడ్డతో బిగించి కట్టాడు. మర్నాటికి కళ్ళు టపటపలాడాయి, మెడ కూడా తోడైంది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే.

అప్పుడు అండాలు మెల్లగా అడిగింది.

"నాయినా, తుమ్మొచ్చేటప్పుడు ముక్కు కట్టేస్తే ఆగుతదా?"

సత్తెయ్యకు చచ్చేంత సిగ్గేసింది. కట్టు విప్పి, పిల్లను పట్నం డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు. దీన్ని టూరెట్ అంటారని ఆవిడ చెప్పింది. గాలి సోకడమూ కాదు, పొగరూ కాదు, ఆ పిల్ల మెదడు తీరే అంత. ఒకసారి తగ్గుతుంది, ఒకసారి పెరుగుతుంది, అందరూ గుచ్చి గుచ్చి చూస్తే ఇంకా పెరుగుతుంది అంది.

దసరా రానే వచ్చింది. వాడంతా మగ్గం చుట్టూ చేరింది. అందరి కళ్ళూ ఆ భుజం మీదే. చూసేకొద్దీ అది ఎగిరింది. అప్పుడు సత్తెయ్య లేచి, పిల్లను కాదు, గుడ్డను చూడమని చేతులు జోడించి అందరినీ బతిమాలాడు.

అండాలు, పోగును అటూ ఇటూ మోసే నాడెను విసిరింది. భుజం ఎగరబోతోందని తెలియగానే చెయ్యి తీసేది. ఎగిరి సద్దుమణిగాక మళ్ళీ నేసేది. నేయగా నేయగా పనిలో మునిగిపోయింది. జానెడు గుడ్డా పూర్తయింది, పోగు తెగలేదు.

కిష్టయ్య గుడ్డను తడిమి తడిమి చూశాడు. వంక దొరకలేదు. అయినా పెద్దరికం ఊరుకుంటుందా? ఈ ఎగురుడు ఎప్పుడు ఆగుతుందే అని అడిగాడు.

"ఏమో తాతా. అదొచ్చినప్పుడు నేనే ఆగుత. అది పోయినంక నేస్త."

కిష్టయ్య సరేనని తలూపాడు. పక్కకు జరిగి, తర్వాతి పిల్లను పిలిచాడు. అండాలు మాత్రం మగ్గం దిగనంది.

కథ పోయె కంచికి, అండాలు పోయె మగ్గానికి,
మనం పోదాం ఇంటికి, నిద్ర రావాలి కంటికి.