మడినీళ్ళలో వేలు

గాజులు చేసే చెంగమ్మ ఒక గాజుపూసను సన్నగా అరగదీసి, దాన్ని కంటికి ఆనించుకుని చూస్తే నీటిబొట్టులో పురుగులు ఈదుతూ కనబడ్డాయి. రాజుగారికి చూపించబోతే ఆస్థాన పండితుడు విరూపాక్షశాస్త్రి అడ్డుపడ్డాడు.

"కంటికి కనబడనిది లేనట్టే! ఇది జనాన్ని బెదరగొడుతోంది. ఆ పూస పగలగొట్టించండి, ప్రభూ!"

"ఒక్కసారి చూడండి సామీ" అని చెంగమ్మ ఎంత బతిమాలినా ఆయన చూడడు, రాజును చూడనివ్వడు. విసిగిపోయి, శాస్త్రి పక్కనున్న మడినీళ్ళ చెంబులో వేలు ముంచింది.

"అయ్యో, నీళ్ళు మైలపడ్డాయి!" అని శాస్త్రి గావుకేక పెట్టాడు.

చెంగమ్మ చెంబు ముందుకు జరిపింది. "ఏదీ, ఆ మైల నాకూ చూపించండి సామీ. కనబడకపోతే లేనట్టేగా, తాగెయ్యండి."

శాస్త్రి చెంబు ముట్టకుండా వెనక్కి జరిగాడు.

రాజు చెయ్యి చాపాడు. "పూస ఇలా ఇవ్వు చెంగమ్మా. శాస్త్రిగారు తాగేలోగా నేను చూసేస్తాను."