మిడి ఫైలుకి వాద్యం ఇచ్చిన దుళ్ళవారు

తెలివితేటల్లో దుళ్ళవారిని మించినవాళ్ళు గోదావరికి ఈ ఒడ్డునా లేరు, ఆ ఒడ్డునా లేరు. ఈ మాట ఊళ్ళో ఎవరూ అనరు, వాళ్ళే అంటారు. "మనది చెప్పింది చెప్పినట్టు చేసే బుర్ర. మిగతావాళ్ళంతా సొంతంగా ఆలోచించి చెడిపోతన్నారు" అని వీర్రాజు రోజూ కాఫీ తాగుతూ సెలవిస్తాడు. తమ్ముడు అబ్బులు, అక్క నూకాలమ్మ తలలూపుతారు. ముగ్గురిదీ బ్యాండు మేళం. వీర్రాజు క్లారినెట్, అబ్బులు బూర, నూకాలమ్మ తాళాలు.

వీర్రాజు కూతురు కనకరత్నానికి పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకు హరనాథ్ కాకినాడలో పిల్లలకి కీబోర్డు నేర్పుతాడు. రత్నం మండపంలోకి నడిచొచ్చేటప్పుడు మోగాలని తనే ఒక పాట కట్టి, మిడి ఫైలుగా పంపాడు. రత్నం ఎంత పొంగిపోయిందో చెప్పలేం. తన కోసం ఒకడు పాట కట్టడమంటే మాటలా! ఆ పాట మోగకపోతే మండపంలో అడుగే పెట్టనంది. ఆ ఇంటి పిల్ల కదా, అందంటే అన్నట్టే.

ఇంట్లోనే పాటలు రికార్డు చేసుకునే సాఫ్ట్‌వేర్ ఉన్న పాత కంప్యూటర్ కూడా హరనాథే పంపాడు. అబ్బులు అందులో ఫైలు తెరిచాడు. తెర మీద రంగురంగుల పట్టీలు వచ్చాయి. వాటి మీదుగా నిలువుగీత ఒకటి తాపీగా నడుచుకుంటూ పోయింది. చప్పుడు మాత్రం లేదు. వెంటనే ఫోను చేశారు.

"అందులో శబ్దం ఉండదు మామయ్యగారూ. ఏ స్వరం ఎప్పుడు, ఎంతసేపు వాయించాలో రాసిన చీటీ లాంటిదది. దానికి మీరొక వాద్యం ఇవ్వాలి" అన్నాడు హరనాథ్.

"ఓస్, అంతేనా!" అన్నాడు వీర్రాజు.

ఇంకేముంది, అటక మీంచి హార్మోనియం దించారు. ఉత్తి చేతులతో ఇస్తే ఏం బావుంటుందని నూకాలమ్మ పళ్ళెంలో తమలపాకులు, అరటిపళ్ళు సర్దింది. కంప్యూటర్‌కి బొట్టు పెట్టి, అన్నీ దాని ముందుంచి, ముగ్గురూ చేతులు కట్టుకు నిలబడ్డారు. కంప్యూటర్ పుచ్చుకోలేదు.

"మనం చూస్తంటే మొహమాటమేమోరా" అంది నూకాలమ్మ.

అంతే, బయటికెళ్ళి తలుపేసి, తలుపుకి చెవులు ఆనించారు. ఈలోగా కిటికీలోంచి కోతి ఒకటి దూరి, అరటిపళ్ళు పట్టుకుని చక్కా పోయింది. తలుపు తీసి చూసేసరికి పళ్ళు లేవు, పాటా లేదు.

"ఎంత గడుసుదో చూశావా! పళ్ళు తింది, పాట ఎగ్గొట్టింది" అని అబ్బులు మండిపడ్డాడు.

మళ్ళీ ఫోను. "హార్మోనియం ఇచ్చాం అల్లుడుగారూ, పుచ్చుకోటం లేదు."

"హార్మోనియమా? మంచిదే. ఊరికే ఇస్తే చాలదండీ, లోపలికి ఎక్కించాలి."

అబ్బులు స్క్రూడ్రైవర్ తెచ్చి కంప్యూటర్ డబ్బా విప్పాడు. హార్మోనియం నిలువుగా తోశారు, అడ్డంగా తోశారు, పట్టలేదు. వీర్రాజు రంపం తెస్తానన్నాడు.

"తెలివితక్కువ మాటలాడకు. వాద్యమన్నాడు గానీ పెద్ద వాద్యమన్నాడా?" అని నూకాలమ్మ అమ్మవారి తీర్థంలో కొన్న పీపీ తెచ్చి, లోపల గాలి కొట్టే ఫ్యానుకి ఎదురుగా ఇరికించింది. స్విచ్చి వేశారు. కుయ్యిమని ఒకటే కూత! పక్కింటి గేదె పలుపు తెంపుకుంది. అన్నదమ్ములు ఒకరినొకరు కావలించుకున్నారు.

రత్నం మాత్రం గోడకి చేరగిలబడి బావురుమంది. "నాకోసం కట్టిన పాట ఇదా నాన్నా?"

ఆ కూత ఫోనులో విన్న హరనాథ్‌కి ఉన్న కాస్త ఓపికా పోయింది. "ముందు అదేదో తీసెయ్యండి మామయ్యగారూ! ఆ ఫైల్లో రాత మాత్రమే ఉంటుంది. వాయించేవాళ్ళు వేరే ఉండాలి" అని పెట్టేశాడు.

ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. "వాయించేవాళ్ళంటే మనమే కదరా!" అంది నూకాలమ్మ.

అంతే, తెర ముందు చేరారు. పట్టీ పైనుంటే పై స్వరం, కిందుంటే కింది స్వరం. గీత పట్టీ మీదికొస్తే ఊదాలి, దాటగానే ఆపాలి. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఊదడంలో దుళ్ళవారికి వంక పెట్టలేం. సాయంత్రానికి పాట కమ్మగా పలికింది. రత్నం గుమ్మంలో కూర్చుని విని, కళ్ళు తుడుచుకుని నవ్వింది.

పెళ్ళిరోజు మండపం పక్కనే కంప్యూటర్ పెట్టారు. "పాట మొదలవగానే గదిలోంచి బయల్దేరమ్మా. పాట అయ్యేసరికి పీట మీద కూర్చో" అన్నాడు పురోహితుడు రత్నంతో.

పాట మొదలైంది. రత్నం తలొంచుకుని నడిచొచ్చింది. హరనాథ్ కళ్ళు మెరిశాయి. పాట అయింది, రత్నం కూర్చుంది. కానీ అబ్బులు ఎప్పుడో చెయ్యి తగిలించి, పాట మళ్ళీ మళ్ళీ తిరిగే మీట నొక్కేశాడు. ఇంకేముంది, గీత మొదటికొచ్చింది. మేళం మొదటికొచ్చింది. రత్నం దిగ్గున లేచి, గదిలోకి పరిగెత్తి, మళ్ళీ తలొంచుకుని నడిచొచ్చింది. మళ్ళీ పాట, మళ్ళీ పరుగు.

"ముహూర్తం దాటిపోతోంది!" అని పురోహితుడు నెత్తి కొట్టుకున్నాడు.

"అత్తయ్యగారూ, ఆ గీత ఆపండి!" అని అరిచాడు హరనాథ్.

నూకాలమ్మ ఆపింది. గీత ఒక పట్టీ మధ్యలో ఆగింది. పట్టీ దాటలేదు కాబట్టి అన్నదమ్ములు ఆ ఒక్క స్వరమే పట్టుకుని, మొహాలు కందిపోతున్నా ఊదుతూనే ఉన్నారు. పాట కదలనిదే నడవకూడదని రత్నం ఒక కాలు గాల్లో పెట్టి నిలబడిపోయింది. ఇంక లాభం లేదని హరనాథ్ పీట మీంచి లేచి, మంగళసూత్రం పట్టుకుని, నడిదారిలోనే మూడు ముళ్ళూ వేశాడు. పురోహితుడు గబగబా కొంగుముడి వేశాడు.

"పాట బావుందా?" అని మెల్లిగా అడిగాడు హరనాథ్.

"అవలేదు కదండీ. అయ్యాక చెప్తా."

ఆ మాటకి హరనాథ్ కరిగిపోయి, కొంగుముడితో ఒంటికాలి మీద కుంటుతూ పెళ్ళాం వెంట రాగా, తనే వెళ్ళి గీతని నడిపించాడు. పాట అయింది. ఇద్దరూ పీటల మీద కూర్చున్నారు. రత్నం చెప్పడానికి నోరు తెరిచింది. గీత మొదటికొచ్చింది. రత్నం లేచింది. కొంగుముడి ఉందాయె, హరనాథూ లేచాడు. ఇదేదో ఆడపిల్లవారి ఆచారం కాబోలనుకుని కాకినాడ పెళ్ళివారంతా లేచి, వాళ్ళని చూసి ఊరివాళ్ళూ లేచి, పురోహితుడితో సహా గదిలో దూరారు.

మండపం ఖాళీ. అక్షింతలు వేయించుకోడానికి ఎవరూ మిగల్లేదే అని నూకాలమ్మ చూసి చూసి, పళ్ళెంలోవన్నీ, ఆనాడు విప్పాక మూత పెట్టని కంప్యూటర్ డబ్బాలో పోసింది. లోపల టపటపమంది, తెర నల్లబడింది. అన్నదమ్ములు టక్కున ఊదడం ఆపారు.

గదిలోంచి రత్నం అరిచింది. "నాన్నా! ఊపిరాడట్లేదు. పాట మొదలెట్టండి, బయటికొస్తాం!"

"పాట నోటికొచ్చేసింది కదరా, ఊదెయ్యండి" అంది నూకాలమ్మ.

వీర్రాజు నాలిక్కరుచుకున్నాడు. "తప్పే అక్కా! చీటీ చూడకండా ఊదేస్తే అది అల్లుడుగారి పాట ఎలాగవుద్ది? కొత్త కంప్యూటర్ తెచ్చుకొస్తాం, అందాకా వాళ్ళని ఊపిరి బిగబట్టుకోమను" అని, అబ్బుల్ని వెంటబెట్టుకుని కాకినాడ బస్సెక్కాడు.