పేర్రాజుగారింటికి తాబేలు వచ్చిన వైనం

చిననందిలంకలో ఉన్న తెలివంతా ఒక్క ఇంట్లోనే ఉందని ఒక ఇంటివాళ్ళు గట్టిగా నమ్మేవారు. ఆ ఇల్లు వాళ్ళదే.

ఇంటి పెద్ద పేర్రాజు. ఆయన భార్య మంగాయమ్మ. ఆవిడ తమ్ముడు బుల్లబ్బాయి, అక్క పెళ్ళికి వచ్చి తిరిగి వెళ్ళడం మరిచిపోయినవాడు. పేర్రాజు దంపతులకి ఒక్కడే కొడుకు, లోవరాజు. గోదారి కాలవ పక్కన వాళ్ళకో పూలమొక్కల నర్సరీ. వాన మొదలైతే చాలు, నలుగురూ నాలుగు గొడుగులు పట్టుకుని పరుగెత్తి గులాబీ మొక్కలు తడవకుండా కాపాడేవారు. వాన వెలిశాక బిందెలతో నీళ్ళు పోసేవారు.

"వానలో గొడుగు పట్టాలని అందరికీ తెలుసు. మొక్కకి పట్టాలని ఎవడికి తోస్తుంది బావా?" అనేవాడు బుల్లబ్బాయి.

"తెలివనేది ఒకరు నేర్పితే రాదురా," అనేవాడు పేర్రాజు. మంగాయమ్మ అయితే నిద్రలో తెలివి కారిపోతుందేమోనని చెవుల్లో దూది పెట్టుకుని మరీ పడుకునేది.

ఒకరోజు పొద్దున్నే, నందివర్ధనాల మీద మంచు ఇంకా ఆరకముందే, రాజమండ్రి నుంచి ఒక పెద్దమనిషి కూతురితో విరజాజి అంటు కొనుక్కోడానికి వచ్చాడు. ఆ అమ్మాయి పేరు అలివేణి. ఆమె నడుస్తుంటే దారికి అటూ ఇటూ ఉన్న పూలన్నీ ఒకదాన్నొకటి తోసుకుని చూస్తున్నట్టుండేది. లోవరాజు చూశాడు. గాలి ఆగిపోయిందనుకున్నాడు. ఆగింది తన ఊపిరి.

"ఏ మొక్క కావాలండీ?" అన్నాడు ఎలాగో.

"బాగా పూసేది."

"ఇవాళ్టికి అన్నీ పూసేశాయండీ. రేపు రండి."

అలివేణి నవ్వింది. ఆ అమ్మాయి ఇంట్లో కంప్యూటర్ల ఫ్యాన్ల రొద తప్ప ఇంకో చప్పుడుండదు. అలా పగలబడి నవ్వి ఎంతకాలమైందో ఆమెకే గుర్తు లేదు. మర్నాడు నిజంగానే వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. విరజాజులు ఇక చాలని తండ్రి చెప్పినా వస్తూనే ఉంది. అంతే, ఇద్దరి మనసులూ ఒకే కుండీలో నాటిన మొక్కల్లాగా అల్లుకుపోయాయి.

చిక్కల్లా ఆమె తండ్రి చక్రపాణిగారితోనే. టెలిఫోన్ ఆఫీసులో పనిచేసి రిటైరైనాయన. కంప్యూటర్ అంటే పెట్టె ఒక్కటే కాదు కదా, దాన్ని నడిపించే సిస్టమ్ ఒకటి లోపల ఉండాలి. లోకమంతా పేరున్న సిస్టమ్‌లు కొనుక్కుని వాడుకుంటుంటే ఆయన తాబేలు అనేదాన్ని వాడేవాడు. ఏయే దేశాలవాళ్ళో తీరిక దొరికినప్పుడల్లా కూర్చుని, డబ్బు పుచ్చుకోకుండా దాన్ని తయారుచేసి లోకానికి వదిలేశారు. ఎవరైనా తీసుకోవచ్చు, లోపల ఏముందో విప్పి చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు. జిల్లా మొత్తానికి దాన్ని వాడేది ఆయన ఒక్కడే. అది ఆయనకి గర్వం. దిగులు కూడా అదే.

"నా తాబేలుని నడపగలిగిన ఇంటికే పిల్లనిస్తాను," అని పట్టుబట్టి కూర్చున్నాడు. ఒక పెళ్ళికొడుకు ఇందులో ఆటలు ఉంటాయా అని అడిగితే గేటు దాకా దిగబెట్టి వచ్చాడు. ఇంకొకడు అందరూ వాడేదే వాడొచ్చు కదండీ అన్నందుకు వాడి కాఫీ వాడి చేతిలోంచి వెనక్కి తీసేసుకున్నాడు.

సంబంధం అడగడానికి పేర్రాజు వెళ్ళాడు. చక్రపాణిగారు కళ్ళజోడు పైకి తోసుకుని, "మీకు తాబేలు సంగతి తెలుసా?" అన్నాడు.

"ఆయ్! మా కాలవలో బోల్డున్నాయండి."

తలుపు చాటునుంచి అలివేణి కిసుక్కుమంది. కూతురి నవ్వు విని చక్రపాణిగారి మనసు కాస్త కరిగింది. "సరే. తాబేలుతో నడిచే సర్వర్ పెట్టె ఒకటి నేనే తెచ్చి మీ నర్సరీలో పెడతాను. మీ దగ్గర ఏయే మొక్కలున్నాయో మండపేట, రావులపాలెం కొట్లవాళ్ళు ఇంట్లో కూర్చునే అందులో చూసుకుంటారు. దసరా వెళ్ళాక వస్తాను. అప్పటిదాకా అది ఒక్కసారి కూడా ఆగకుండా పనిచేస్తే పెళ్ళి. ఆగితే ఈ సంబంధం మరిచిపోండి."

తెచ్చి మొక్కలు కట్టే పాకలో పెట్టాడు. పెట్టె, తెర, కీబోర్డు, మౌసు, కరెంటు పోతే ఆదుకోడానికి బ్యాటరీ. దాంతోపాటు ఇటుకంత లావు పుస్తకం. తాబేలు వాడేవాళ్ళకో పద్ధతి ఉంది, అదంతా బయల్దేరే ముందు హడావిడిగా చెప్పాడు: "ఏది చేయబోయినా ముందు పుస్తకం చూడండి. ఏ మార్పు చేసినా దాచుకోకండి, నలుగురికీ చెప్పండి. ఇది నలుగురి సొత్తు, ఎవరైనా అడిగితే లేదనకండి."

"తమరు చెప్పాక తిరుగుంటుందాండీ!" అన్నారు నలుగురూ.

మర్నాడు పొద్దున్న మంగాయమ్మ కాఫీ గ్లాసు అందించింది. పేర్రాజు చెయ్యి చాపి, టక్కున వెనక్కి తీసుకున్నాడు.

"ఆగవే! ఏది చేయబోయినా ముందు పుస్తకం చూడాలి."

చూశాడు. పుస్తకమంతా తిరగేశాడు. కాఫీ ఊసే లేదు. "తాగకూడదన్నమాట," అని గ్లాసు దించేశాడు. అంతే, ఆ ఇంట్లో కాఫీ బంద్. స్నానం గురించీ లేదు. స్నానాలు బంద్. మధ్యాహ్నానికి నలుగురి కడుపుల్లోనూ ఎలుకలు పరుగెత్తుతున్నాయి. అన్నం చుట్టూ కూర్చున్నారు గానీ ఎవరికీ ముద్ద ఎత్తే ధైర్యం లేదు.

"బావా, దొరికింది!" అని కేకేశాడు బుల్లబ్బాయి. వేలు పెట్టి చదివాడు: "కొత్తది ఏదైనా ఎక్కించే ముందు లోపల చాలినంత ఖాళీ ఉందో లేదో చూసుకోవలెను."

పేర్రాజు పొట్ట తడిమి చూసుకున్నాడు. "ఉందిరా! బోల్డంత ఖాళీ!"

ఇంకేముంది, కుండ అడుగు కనపడేదాకా ఎక్కించారు.

తరవాత మార్పుల సంగతి. మొక్కలు వేసుకెళ్ళే ట్రాలీ ఆటోకి ఒక మైకుంది. బుల్లబ్బాయి దాన్ని పట్టుకుని వీధులన్నీ తిరిగాడు. "లోవరాజు నీలం చొక్కా విప్పి పచ్చ చొక్కాకి మారాడహో! మా బావ కుడిపక్క పడుకునేవాడు ఎడంపక్కకి మారాడహో! మా అక్క తన గొలుసుని పప్పుల డబ్బాలోంచి కారం డబ్బాలోకి మార్చిందహో!"

సాయంత్రానికి గొలుసు లేదు. కారమూ లేదు.

"కారం కూడానా!" అని మంగాయమ్మ ముక్కు చీదింది.

"ఏడవకే. దాచుకుంటే నీ ఒక్కదానికే. చెప్పాం కాబట్టి ఇంకొకళ్ళకి పనికొచ్చింది. ఆ చక్రపాణిగారు ఎంత లోతుగా ఆలోచిస్తాడో చూడు!" అన్నాడు పేర్రాజు.

పక్కింటి వెంకాయమ్మ గోడ మీదనుంచి తొంగిచూసి, "మీ ఇంటికేదో కొత్తది వచ్చిందటగా వదినా, మాకూ కాస్త పెట్టకూడదూ?" అంది. అడిగితే లేదనకూడదు కదా. మంగాయమ్మ కీబోర్డుని పళ్ళెంలో పెట్టి, పైన మూత వేసి పంపించింది. సెలూన్ అతను అద్దం పగిలిందని బాధపడితే తెర ఇచ్చేశారు. నల్లగా నిగనిగలాడుతుంది, మొహం బాగానే కనపడుతుంది. ఎదురింటి పాప బొమ్మకి ఇస్త్రీపెట్టె కావాలంటే మౌసు ఇచ్చేశారు. చివరికి పాకలో మిగిలింది పెట్టె, బ్యాటరీ, వైర్లు.

లోవరాజు పెట్టెని రెండు చేతులా వాటేసుకున్నాడు. "నాన్నా, ఇంకెవరైనా వచ్చి పెట్టె కూడా అడిగితే? అలివేణి నాకు దక్కదు నాన్నా!"

"నిజమేరా. ఎవరూ అడక్కుండా మనమే ఒక ఉపాయం చేద్దాం," అని పేర్రాజు నర్సరీ గేటుకి బోర్డు కట్టించాడు: 'ఇక్కడ పెట్టె లేదు'. అది చదివి ఊళ్ళోవాళ్ళంతా ఏ పెట్టె లేదో చూసిపోదామని వచ్చారు. అదృష్టం కొద్దీ ఎవరూ అడగలేదు.

ఆ రాత్రంతా లోవరాజు పెట్టె పక్కనే చాప వేసుకున్నాడు. దాని మీద చిన్న పచ్చదీపం వెలుగుతూ ఉంటుంది. అది అలివేణి ముక్కుపుడకలాగే ఉందని దానికి తన మనసులో మాటలన్నీ చెప్పుకున్నాడు. అది వింటూ గుర్రుమంటూనే ఉంది.

తెల్లారాక మంగాయమ్మ వచ్చి చెవి ఆనించింది. "అయ్యో, చలికి మూలుగుతోంది!" అని బొంత కప్పింది. కాసేపటికి పెట్టె పెనంలా వేడెక్కింది. మూలుగు ఎక్కువైంది. "జొరం!" అని మంగాయమ్మ మిరియాల కషాయం కాచి తెచ్చింది. బుల్లబ్బాయి పెట్టెకి మూతి ఎక్కడుందో వెతుకుతున్నాడు. లోవరాజు చెయ్యి అడ్డం పెట్టి, "ముందు పుస్తకం!" అని అరిచాడు.

పేర్రాజు చదివాడు: "వేడెక్కినచో ధారాళంగా గాలి తగులునట్లు చూడవలెను."

బొంత తీస్తే సరిపోయేది. కానీ ధారాళంగా అని రాసి ఉంది. బుల్లబ్బాయి గునపం తెచ్చి పాక తడిక ఒకవైపు పడగొట్టాడు. ఇది ధారాళమేనా? చాలదన్నారు. ఇంకోవైపు పడగొట్టాడు. నాలుగు వైపులా అయ్యాక పైకప్పు దేనిమీద నిలబడాలి? అది పక్కకి ఒరిగి చామంతుల మీద కూర్చుంది. ఆ కప్పు జారేటప్పుడు బొంతని కూడా లాక్కుపోయింది. గాలి తగిలింది. పెట్టె చల్లబడింది. నలుగురూ ఒకరినొకరు కావలించుకున్నారు. బుల్లబ్బాయి మైకు పట్టుకుని, "మా పాకని ఆరుబయటికి మార్చామహో!" అని చాటివచ్చాడు.

దసరా వెళ్ళింది. చక్రపాణిగారు అలివేణిని స్కూటర్ వెనక కూర్చోబెట్టుకుని వచ్చేసరికి కుంభవృష్టి. నర్సరీ నడిమధ్యలో, ఆకాశం కింద, ఒక పెట్టె. దాని చుట్టూ నలుగురు మనుషులు. నాలుగు గొడుగులూ పెట్టె మీదే ఉన్నాయి. మనుషులు మాత్రం నిలువునా కారిపోతున్నారు. లోవరాజు పెదాలు నీలంగా ఉన్నాయి, చెయ్యి మాత్రం వణకడం లేదు. అలివేణి ఇంకేమీ చూడలేదు, ఆ చెయ్యే చూసింది.

వాన తగ్గింది. చక్రపాణిగారు సంచిలోంచి అలివేణి వాడే చిన్న కంప్యూటర్ తీసి పెట్టెకి వైరు కలిపాడు. చూశాడు. మళ్ళీ చూశాడు.

"ఒక్కసారి కూడా ఆగలేదు," అన్నాడు మెల్లిగా. "దీని తెరేదీ? కీబోర్డేదీ?"

లోవరాజు తండ్రి వెనక్కి నక్కాడు.

"నలుగురూ అడిగారండి, ఇచ్చేశామండి," అన్నాడు పేర్రాజు.

"తరవాత దీన్ని ఎవరూ ముట్టుకోలేదా?"

"ముట్టుకోడానికి ఏం మిగిలిందండీ?"

చక్రపాణిగారి కళ్ళు చెమర్చాయి. "సర్వర్‌కి తెర అక్కర్లేదని నేను ఎన్నేళ్ళనుంచో మొత్తుకుంటున్నాను! ఒకసారి పెట్టాక దాన్ని కెలక్కుండా వదిలెయ్యాలని చెబితే ఒక్కడు వినలేదు. నేను చెప్పకుండానే మీరు గ్రహించారు. ఇంత తెలివైన ఇల్లు నేను చూడలేదు బావగారూ!"

"మేమూ చూడలేదండి," అన్నాడు పేర్రాజు వినయంగా.

ఇంకేముంది, రాజమండ్రిలో చక్రపాణిగారింట్లోనే పగటి ముహూర్తానికి పెళ్ళి. తలంబ్రాలు పోసుకునేటప్పుడు లోవరాజు అలివేణి జడలోని మల్లెల వాసనకి మైమరిచి, పళ్ళెంలో ఉన్నవన్నీ పురోహితుడి తలమీద పోశాడు. అయినా మూడు ముళ్ళూ సరిగ్గానే పడ్డాయి. భోజనాలయ్యాయి. అప్పగింతల వేళయింది.

చక్రపాణిగారు కూతురి చెయ్యి మంగాయమ్మ చేతిలో పెట్టాడు. రెండో చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. "తల్లి లేని పిల్ల చెల్లెమ్మా. ఈ క్షణంనుంచి మీ కూతురే అనుకోండి."

"మా కూతురే అనుకోవాలా అన్నయ్యగారూ?"

"అచ్చంగా మీ కూతురే."

మంగాయమ్మ పేర్రాజు వంక చూసింది. పేర్రాజు బుల్లబ్బాయి వంక చూశాడు. ముగ్గురి మొహాలూ ఒక్కసారిగా దిగాలుపడ్డాయి. కూతురికి పెళ్ళయిపోయింది! ఇంక అత్తవారింటికి పంపించాలి! మంగాయమ్మ అలివేణిని పట్టుకుని ఘొల్లుమంది. పేర్రాజు కండువా నోట్లో కుక్కుకున్నాడు. కూతురి పక్క ముగ్గురూ తామే అయితే మగపెళ్ళివారు ఎవరు? ఎదురుగా నిలబడ్డ చక్రపాణిగారే. పేర్రాజు అలివేణి చెయ్యి తీసి ఆయన చేతిలో పెట్టి, "అల్లారుముద్దుగా పెంచుకున్నామండి. తప్పు చేస్తే కసరకండి," అని దణ్ణం పెట్టాడు.

చక్రపాణిగారికి కన్నీళ్ళలో ఏం జరుగుతోందో తెలియలేదు. అలవాటుగా తల ఊపాడు.

"మావయ్యగారూ..." అని అలివేణి ఏదో చెప్పబోయింది.

"ఏడవకమ్మా. ఇక ఇదే నీ ఇల్లు," అని బుల్లబ్బాయి ముక్కు తుడుచుకుంటూ ట్రాలీ ఆటో స్టార్ట్ చేశాడు. మొక్కలు వేసే చోట లోవరాజు బాసికంతో సహా ఎక్కి కూర్చున్నాడు. అందరూ ఎక్కారు కాబట్టి తనూ ఎక్కాడు. ఆటో బయల్దేరింది. ఊరు దాటింది. కాలవగట్టు మీద గాలి చల్లగా తగిలాక లోవరాజుకి పక్కన ఎవరూ లేరని తెలిసింది.

"నాన్నా, అలివేణి ఏదీ?"

"పంపించేశాం కదరా," అన్నాడు పేర్రాజు బొంగురుగొంతుతో. "నీ చెల్లెలి పెళ్ళి బాధ్యత తీరిపోయింది. ఇక నీకే మంచి సంబంధం చూడాలి."

లోవరాజు కాసేపు ఆలోచించాడు. "అలాగే నాన్నా. అచ్చం అలివేణిలాంటి పిల్లని చూడండి," అన్నాడు.

అప్పుడే వెనకనుంచి హారన్ మోత. పట్టుచీర కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా ఎగదోపుకుని, కల్యాణతిలకం చెమటకి జారుతుంటే, తండ్రి స్కూటర్ మీద అలివేణి దుమ్ము లేపుకుంటూ వచ్చేస్తోంది. "ఆపండి! ఏవండీ! ఆటో ఆపండి!" అని అరుస్తోంది. నవ్వు ఆపుకోలేక స్కూటర్ అటూ ఇటూ ఊగిపోతోంది.

మంగాయమ్మ గుండెలు బాదుకుంది. "చూశారటండీ! కాపరానికి పంపి గంట కాలేదు, అత్తారింట్లో ఏం ఆరళ్ళు పెట్టారో ఏమో, పిల్ల అప్పుడే పుట్టింటికి వచ్చేస్తోంది!"