జామచెట్టు బెరడు వదిలేసిన కథ

ఒకప్పుడు జామచెట్టుకి కూడా మామిడికీ చింతకీ ఉన్నట్టే మందపాటి, గరుకైన బెరడు ఉండేది. చెయ్యి వేస్తే జారిపోయే ఇప్పటి నునుపు అప్పట్లో లేదు. నమ్మకపోతే మానెయ్యండి, కథ మాత్రం వినండి.

ఆ రోజుల్లో సముద్రం ఒడ్డున ఒక ఊళ్లో నూకాలు అనే మంత్రసాని ఉండేది. ఊళ్లో నడిచే పిల్లలు, పాకే పిల్లలు, ఉయ్యాల్లో పిల్లలు, అందరూ ముందు ఆమె చేతుల్లోకి వచ్చినవాళ్లే. ఆమెకి మాత్రం పిల్లల్లేరు. పెరట్లో తను నాటిన జామచెట్టే ఆమె కూతురు. ఆమె దాన్ని "పిల్లా" అని పిలిస్తే అది "అమ్మా" అని పలికేది.

సముద్రపు గాలికి ఒక చెడ్డ అలవాటు ఉంది. తడికాళ్లతోనే అందరి ఇళ్లలోకీ వచ్చేస్తుంది. ఆ ఏడు వానాకాలంలో మరీ రెచ్చిపోయింది. డబ్బాలో ఉప్పు నీరు కారింది, ఆరేసిన బట్టలు మూడు రోజులైనా ఆరలేదు. జామచెట్టు బెరడు పగుళ్లలో నీళ్లు నిలిచి, దానికి తుమ్ములు పట్టుకున్నాయి.

పిల్ల తుమ్మితే నూకాలు ఊరుకుంటుందా? ఆమెకి తెలిసిన వైద్యం ఒకటే, బాలింతలకి చేసేది. చెవులు కట్టాలి, నడుం బిగించాలి, గాలి సోకనివ్వకూడదు. చెట్టుకీ అదే చేసింది. పాత చీర తెచ్చి మానుకి పది చుట్లు చుట్టింది. దానిమీద గోనె కట్టింది. కాళ్లు చల్లబడకుండా చెట్టు మొదలు చుట్టూ మట్టి ఎత్తుగా పోసింది. పొద్దున్నా సాయంత్రం సాంబ్రాణి పొగ వేసింది. పెరట్లోకి అడుగు పెట్టొద్దని గాలిని నానా మాటలూ అంది. గాలి మూతి ముడుచుకుని వెళ్లిపోయింది.

మొదటి వారం చెట్టు తెగ మురిసిపోయింది. ఊళ్లో ఇంకే చెట్టుకీ చీర లేదు మరి. పక్కనున్న కరివేపచెట్టు రెండు రోజులు దానితో మాట్లాడలేదు.

రెండో వారం చీర లోపల దురద మొదలైంది. తడీ చీకటీ ఒక్కచోట దొరికితే పాచి ఎక్కడున్నా వెతుక్కుంటూ వస్తుంది. వచ్చి, బెరడు పగుళ్లలో కాళ్లు చాపుకుని పడుకుంది. చెట్టు ఎవరితో చెప్పుకుంటుంది? అమ్మ ఇంత ప్రేమగా కట్టిందే, విప్పమంటే నొచ్చుకోదూ? నోరు మూసుకుని ఊరుకుంది. ఆకులు మాత్రం పండబారిపోయాయి.

అది చూసి నూకాలు ఇంకో చీర చుట్టింది. ఈసారి పెట్టెలో దాచుకున్న పెళ్లిచీర.

చూడలేక ఒక ఉడత దిగి వచ్చి, ఆ గుడ్డలు విప్పెయ్యమని చెప్పింది. నూకాలుకి ఒళ్లు మండింది. ఊరందరికీ పురుళ్లు పోసిన దాన్ని, తోకంత లేవు, నువ్వా నాకు నేర్పేది అని దాన్ని అదిలించింది.

మర్నాడు పొగ వేయడానికి వచ్చి, ఎందుకో చీర మీద చెయ్యి పెట్టి నొక్కింది. వేలు లోపలికి దిగబడింది. గట్టిగా ఉండాల్సిన మాను నానిన అటుకుల్లా మెత్తగా ఉంది.

గబగబా అన్నీ విప్పేసింది. లోపలంతా జిగటగా పాచి, కుళ్లు వాసన. నా పిల్లని నా చేతులతోనే చంపుకుంటున్నానని అక్కడే కూలబడి ఏడ్చింది.

"ఇన్నాళ్లూ ఒక్క మాటైనా సెప్పలేదేటే?"

"నువ్వు బాధపడతావని సెప్పలేదమ్మా. నాకు సీర వొద్దు, గాలి కావాల," అంది చెట్టు నీరసంగా.

నూకాలు కళ్లు తుడుచుకుని, కొబ్బరి పీచుతో మాను రుద్దింది. పాచి కదల్లేదు. బెరడుని గట్టిగా పట్టుకున్నాననీ, బెరడు ఉన్నన్నాళ్లూ తనూ ఉంటాననీ చెప్పి ఇంకోవైపు తిరిగి పడుకుంది. ఇక సిగ్గు విడిచి ఆమె ఒడ్డుకి వెళ్లి గాలిని బతిమాలింది.

"తడిపేదాన్నీ నేనే, ఆరబెట్టేదాన్నీ నేనే," అంది గాలి. "నువ్వు దారి మూసేస్తే నేనేటి సెయ్యను?"

నూకాలు ఇంటికొచ్చి, ఒకదాన్నొకటి ఒరుసుకునే కొమ్మలు కోసి దారి చేసింది. మొదలు చుట్టూ పోసిన మట్టి తీసేసింది. గాలి మూడు రోజులు చెట్టు మధ్యనుంచి తిరిగింది. బెరడు ఎండి, అంచులు పైకి లేచాయి. అప్పుడు చెట్టుకి ఒక సంగతి తట్టింది. పాచి పట్టుకున్నది తనని కాదు, బెరడుని. అయితే ఆ బెరడునే తీసుకుపొమ్మని పాచితో అని, తన పట్టు వదిలేసింది. పెచ్చులు పెచ్చులుగా బెరడు రాలింది. దాన్ని పట్టుకున్న పాచి కూడా కిందపడింది.

లోపలినుంచి కొత్త మాను బయటపడింది. అప్పుడే నీళ్లు పోసిన పసిపిల్ల వీపులా నున్నగా, చల్లగా ఉంది. అలవాటు కొద్దీ నూకాలు కొంగు పట్టుకుని కప్పబోయింది. అంతలోనే ఆగింది. కొంగు వదిలేసి, మాను మీద అరచేత్తో మెల్లగా నిమిరింది. చెట్టు హాయిగా ఊపిరి పీల్చుకుంది.

అప్పటినుంచే జామచెట్టు పాత బెరడుని పెచ్చులుగా రాల్చుకుని, నున్నటి ఒంటితో గాలికి నిలబడుతోంది. కాయ కోయడానికి వెళ్లినవాళ్లు, ఎవరూ చెప్పకపోయినా, ముందు దాని మానుని ఒకసారి నిమురుతారు.