సెలవు చెప్పిన రాజు

అనగా అనగా ఒక రాజు కలడు. అతని పేరు సునందుడు. అతనికి ముగ్గురు కొడుకులు, ఒక్క పగవాడు. ఆ పగవాడు కంకాళుడను మాంత్రికుడు. సింహాసనముపై నున్నంతకాలము రాజును వాని మంత్రము తాకజాలదు. గద్దె దిగిన క్షణమే తాకును.

సునందుడు వృద్ధుడయ్యెను. ఒకనాడు తీర్పు చెప్పుచునే కునుకు తీసెను. ఇక దిగవలయునని నిశ్చయించుకొనెను.

ఆ దేశమున నొక ఆచారము కలదు. రాజు తాను దిగు దినమును చాటించినచో, కోటపై నున్న వెల్లగొడుగును ఆనాడే సగము దించుదురు. మంత్రి చేతులు జోడించెను.

"చెప్పకండి ప్రభూ. సగం దిగిన గొడుగు కింద ఎవరు నిలబడతారు? పైగా కంకాళుడికి మనమే ముహూర్తం పెట్టి ఇచ్చినట్టవుతుంది."

"మా తాతగారు చెప్పకుండా అడవికి పోయారయ్యా. తెల్లారేసరికి గద్దె ఖాళీ. దాని కోసం అన్నదమ్ములు కత్తులు దూసుకున్నారు. పిల్లలున్న ఇంట్లో చెప్పకుండా గడప దాటకూడదు."

కార్తీక పౌర్ణమినాడు దిగుదునని రాజు చాటించెను. గొడుగు సగము దిగెను.

మరునాటినుండి కొలువు పలుచబడెను. పెద్దకొడుకు దండనాయకులకు విందులు చేయుచుండెను. నడిపివాడు ధనాగారము వాకిటనే మంచము వేసికొనెను. కడపటివాడగు నందకేతుడు మాత్రము తండ్రి ప్రాణమునకై తల్లడిల్లెను. కంకాళుని ప్రాణము ఏడు సముద్రముల కావల ఒక చిలుకలో నున్నదని విని, రాజాజ్ఞకు గుర్తుగా తండ్రి ముద్రటుంగరము గైకొని బయలుదేరెను.

గుఱ్ఱము నడిగెను. కొత్తరాజు ఊరేగింపునకు దాచితిమనిరి. సైన్యము నడిగెను. రేపు చూతమనిరి. రేవునకు పోయి ఓడ నడిగెను. సరంగు ఉంగరమును అటు త్రిప్పి ఇటు త్రిప్పి చూచెను.

"బాబూ, ఇది పౌర్ణమి దాకానే కదా. తరువాత కొత్త దొరగారు నిలదీస్తే నేనేం చెప్పను? వారి ఉంగరం తెండి, ఇప్పుడే తెరచాప ఎత్తుతాను."

నందకేతుడు ఇసుకలో కూర్చుండి ఏడ్చెను. అంత ఒక ముసలి తాబేలు ఒడ్డునకు వచ్చెను.

"నాయనా, గొడుగు దిగిందో ఎక్కిందో నీళ్ళలో ఉన్న మాకు కనపడదు. దీవిలోని మా మడుగు ఎండిననాడు కడవలతో నీళ్ళు పోయించింది మీ నాన్న అని మాత్రం ఎరుగుదును. ఎక్కు. కాని నేను ఓడను కాను సుమా."

తాబేలు ఒక సముద్రము దాటెను, రెండు దాటెను, మూడు దాటెను. చంద్రుడు పెరుగుచుండెను. తాబేలు ఆగలేదు; చంద్రుడును ఆగలేదు. ఏడవ సముద్రము దాటునప్పటికి నిండుచంద్రుడు ఉదయించెను.

ఆ ద్వీపమున మాధవి యను రాజకన్య కలదు. కంకాళుడు ఆమెను చెరబట్టి చిలుకకు కాపుంచెను. ఆమె ఏమియు అడుగక పంజరము తలుపు తెరచెను.

"ఆలస్యంగా వచ్చావు. మీ నాన్న ఇప్పుడే మెట్లు దిగాడు" అని చిలుక పలికెను.

నందకేతుడు దాని మెడ విరిచెను. అక్కడ రాజుపై మంత్రము వేయ కోటకు వచ్చిన కంకాళుడు కూలెను. కాని వాని మంత్రము అప్పటికే రాజు గుండెను తాకియుండెను. సునందుడు కడపటి కొడుకునకే పట్టము కట్టుడని చెప్పి కన్నుమూసెను.

మాధవితో తిరిగివచ్చుచున్న నందకేతునకు నడిసముద్రమున ఆ సరంగు ఓడ ఎదురయ్యెను.

"మహారాజా, ఎక్కండి. తమ కోసమే తెరచాప దించకుండా వచ్చాను."

నందకేతుడు చేయి చాచి చూపెను. "ఇది ఆ ఉంగరమే కదయ్యా."

సరంగు తల వంచుకొనెను.

నందకేతుడు మాధవిని పెండ్లాడి చిరకాలము రాజ్యమేలెను. చెప్పి దిగుట రాజధర్మమనియు, చెప్పినవాని మాట చివరి గడియవరకు వినుట ప్రజాధర్మమనియు శాసించెను. గొడుగును సగము దించు ఆచారమును మాన్పించెను.

తాను వృద్ధుడైనప్పుడు అతడును ముందుగానే చాటించెను. చివరినాడు ఆ ఉంగరమును రేవునకు పంపి, దీవిలోని ముసలి తాబేలు మడుగునకు మంచినీళ్ళు చేర్చుటకై ఒక ఓడ నడిగెను. ఎవ్వరును ఎదురాడలేదు. తెరచాప లేచెను.

మేడమీదినుండి దానిని చూచి, తండ్రిని తలచుకొని, ఆ ముసలిరాజు వెక్కి వెక్కి ఏడ్చెను.

ఓడ నీటిబాట పట్టెను. మన కథ ఒడ్డు చేరెను.