చింతాకు పల్లకీల దారి

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక వాగు. వాగు పక్క పల్లంలో ఒక చీమల ఊరు. ఒకప్పుడు అది గుప్పెడు మట్టే. ఏటేటా పెరిగి పెరిగి పట్నమైంది. ఎంత పట్నమంటే, ఈ వీధి చీమకి ఆ వీధి చీమ పేరు తెలీదు.

అయినా పాత మర్యాద మాత్రం పోలేదు. దారిలో ఎవరెదురైనా ఆగాలి. మీసాలు కలపాలి. "బాగున్నావా?" అని అడగాలి. కలపకుండా పోయిన చీమని ఊరంతా ఆడిపోసుకునేది.

వానలు దిగేలోపు ఊళ్లో గుడ్లన్నీ తెల్లరాతి గుట్ట మీదికి చేరాలి. లేకపోతే వాగు పొంగి పల్లం మునిగిపోతుంది. పోయిన ఏడు దారంతా కిక్కిరిసింది. ఎదురైన ప్రతి చీమతో మీసాలు కలుపుతూ, గుడ్లు మోసే చీమలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఇంతలో వాన పట్టుకుంది. ఎన్నో గుడ్లు దారిలోనే కొట్టుకుపోయాయి. దారుల పెద్ద గవరమ్మ అదంతా కళ్లారా చూసింది. అది గుర్తొస్తే ఇప్పటికీ ఆమెకి ముద్ద దిగదు.

ఈ ఏడు అలా జరగనివ్వకూడదని గవరమ్మ గుట్ట వెనకున్న చెదల పుట్టకి వెళ్లింది. చీమకీ చెదకీ పడదు, నిజమే. కానీ పిల్లల కోసం ఎవరి గడపైనా తొక్కాలి కదా.

లోపల అడుగు పెట్టగానే గవరమ్మ నోరెళ్లబెట్టింది. బయట ఎండ మండిపోతోంది, లోపల చల్లగా ఉంది. తలెత్తి చూస్తే కప్పు కంటికి ఆనలేదు. గోడల వెంట మట్టి సొరంగాలు, ఒకదాని మీద ఒకటి, పైపైకి పోతున్నాయి. ఒక్కో దాంట్లో వేలాది చెదలు నడుస్తున్నాయి. తోపులాట లేదు. కేక లేదు. ఎంత వానొచ్చినా లోపల చుక్క పడదు. ఇంత మెత్తటి ప్రాణులు ఇంత పని చేశాయా అని ఆమెకి కళ్లనీళ్లు తిరిగాయి.

"మేస్త్రీ, మా ఊరి నుంచి గుట్ట దాకా ఇలాంటిది కట్టిపెడతారా?" అని అడిగింది.

చెదల మేస్త్రి కోటయ్య తల ఊపాడు. "కడతాను తల్లీ. కానీ పచ్చి సొరంగంలో గుడ్లు నడిపిస్తే కూలిపోద్ది. వచ్చే ఏటి వానలకైతే ఇవ్వగలను. ఇంకో మాట. దారి ఎటో ముందే తేల్చుకోండి. మట్టి గట్టిపడ్డాక నేను కూడా తిప్పలేను."

"మరి ఈ ఏటి వాన?"

"ఈ ఏటికి నా వల్ల కాదు తల్లీ" అన్నాడు కోటయ్య.

ఊరికొచ్చి గవరమ్మ చూసిందంతా చెప్పింది. "సొరంగమే కావాలి. చెదలకున్నది మనకెందుకుండకూడదు? మనమేం తక్కువ?" అని చీమలన్నీ పట్టుబట్టాయి. అందరికంటే గవరమ్మకే ఆశ ఎక్కువ. కళ్లు మూసినా తెరిచినా ఆ సొరంగాలే. కానీ గుడ్లున్న గదిలోకి వెళ్లి చూసింది. ఆ గుడ్లకి వచ్చే ఏడు దాకా ఆగే వీల్లేదు.

బయటికొచ్చి అంది: "సొరంగం కట్టిద్దాం, వచ్చే ఏటికి. ఈ ఏడు ఉన్న దారిలోనే కుడి సగం వదిలేద్దాం. తలా ఒక గుడ్డు మొయ్యకండి. చింతాకు మీద గుడ్లు పేర్చి, నలుగురు కలిసి పల్లకీలా మొయ్యండి. ఆ సగంలో పల్లకీ తప్ప ఇంకెవరూ నడవకూడదు. పల్లకీ మోసేవాళ్లు ఎవరెదురైనా ఆగకూడదు, మీసాలు కలపకూడదు."

ఆ ఆఖరి మాటకి చీమలు నిర్ఘాంతపోయాయి. ముక్కున వేలేసుకునేవే, పాపం వేళ్లు లేవు గనక ఊరుకున్నాయి.

మొదటి రోజు, ఖాళీగా ఉంది కదా అని నూగులు మోసే చీమలు ఆ సగంలో దూరాయి. "ఒక్క నూగుగింజే కదమ్మా" అన్నాయి. పల్లకీలు ఆగిపోయాయి. గవరమ్మ వాటన్నిటినీ పక్కకి తోలేసరికి పొద్దు వాలింది.

రెండో రోజు నూగులు దూరలేదు. కానీ మోసే చీమలే ఆగాయి. "మా మేనత్త ఎదురైందండీ. పలకరించకపోతే ఎలా?" అన్నాయి. ఒక పల్లకీ ఆగితే వెనకవన్నీ ఆగాయి. ఆకాశంలో మబ్బు కమ్ముకుంది.

మూడో రోజు గవరమ్మే ఒక పల్లకీకి ముందు భుజం పట్టింది. సగం దారిలో గుట్ట వైపు నుంచి ఖాళీ పల్లకీతో, ఎడమ సగంలో దిగుతూ ఎదురైంది ఎవరనుకున్నారు? ఆమె అక్క నూకాలు. పోయిన వానల నుంచి నూకాలు గుట్ట మీదే ఉంటోంది. చెల్లెల్ని చూసి ఏడాదైంది. చిన్నదే ముందు మీసాలు కలపాలన్న మర్యాద కూడా మరిచిపోయి, తనే మీసాలు చాపింది.

ఊరంతా చూస్తోంది. గవరమ్మ భుజం మీద పిల్లలున్నారు. తల వంచుకుని, ఆగకుండా సాగిపోయింది. నూకాలు మీసాలు గాల్లోనే ఉండిపోయాయి.

వెనక పల్లకీ కూడా ఆగలేదు. దాని వెనకదీ ఆగలేదు.

గుట్ట మీదికెక్కి గవరమ్మ వెనక్కి తిరిగి చూసింది. పల్లం నుంచి గుట్ట దాకా పచ్చటి ఆకులు, వాటి మీద తెల్లటి గుడ్లు, ఎక్కడా తెగకుండా పైకి వస్తున్నాయి. వాగే దారి మార్చుకుని గుట్టెక్కుతున్నట్టుంది. కొత్త మట్టి పెళ్ల ఒక్కటి కూడా వెయ్యలేదు. అదే పాత దారి, అవే చీమలు. ఇది మేమేనా అని ఆమెకి ఒళ్లు పులకరించింది.

చివరి పల్లకీ ఎక్కాక వాన దిగింది. పల్లం మునిగింది. గుట్ట రాళ్ల కింద ఒక్క గుడ్డు కూడా తడవలేదు.

కోటయ్య గుట్ట అంచుకొచ్చి నిలబడి అదంతా చూశాడు. "గవరమ్మా, మట్టితో కట్టేదే కట్టడమని ఇన్నాళ్లూ అనుకున్నాను. వానలు తగ్గాక పని మొదలుపెడతాను. మీ ఊరు ఇంకా పెరుగుద్ది, ఈ ఆకులు సరిపోని రోజొస్తుంది. సొరంగం ఎటు వెయ్యాలో నన్నడగక్కర్లేదు. మీ కాళ్లే అక్కడ గీత గీశాయి" అన్నాడు.

గవరమ్మ మెల్లగా నూకాలు దగ్గరికి వెళ్లింది. "అప్పా, కోపమొచ్చిందా?"

"వచ్చింది. నీ భుజం మీద ఏముందో చూశాక పోయింది."

అప్పుడు చెల్లెలు మీసాలు చాపింది. అక్క కలిపింది. వెనక ఆగిపోయే పల్లకీ ఏదీ లేదు. వాన పడుతున్నంతసేపూ ఇద్దరూ అలాగే ఉన్నారు.

నీతి: గొప్ప దారి వచ్చేదాకా ఉన్న దారినే సరిగ్గా పంచుకోవాలి, పదిమందిని మోసేవాళ్లకి అడ్డం తొలగడమే అసలైన మర్యాద.