నాంచారి వాకిలి

క్షయ నామ సంవత్సరం, రోహిణి కార్తె. ఏ క్షయ అని అడగకండి. అరవై ఏళ్లకోసారి అది వస్తూనే ఉంది. ఇది మాత్రం తాతల తాతలు చూసిన క్షయ.

అప్పట్లో తెల్లగుట్ట కింద ఒక పాలెం ఉండేది. ఆ పాలెంలో నాంచారి అనే ముసలమ్మ ఉండేది. గుట్ట మీద ముగ్గురాయి ఏరుకొచ్చి, దంచి, జల్లించి, గంపకెత్తుకుని ఊరూరా అమ్ముకునేది. ఆమెకు మిగిలింది ఒక్క మనవరాలు, పద్నాలుగేళ్ల పోలి.

మూడేళ్లు వానల్లేవు. మొదటి ఏడు పశువులు పోయాయి. రెండో ఏడు విత్తనాలు కూడా తినేశారు. మూడో ఏడు ముగ్గు కొనే నాథుడు లేడు. నాంచారి చింతగింజలు వేయించి, పొట్టు తీసి, ఉడకబెట్టి పోలికి పెట్టేది. తను తిన్నానని చెప్పేది.

రాజు గాదె తెరిపించాడు. దానికో నియమం పెట్టాడు. పని చేయలేని ముసలివాళ్లకు, తల్లీతండ్రీ లేని పిల్లలకు మాత్రమే జొన్నలు. అదీ ఇంట్లో ఏమీ లేదని గుమాస్తా కళ్లారా చూసి, పట్టీలో పేరు రాస్తేనే.

గుమాస్తా మొదటిసారి వచ్చాడు. ఇంటికి పెద్దమనిషి వస్తున్నాడని నాంచారి వాకిలి ఊడ్చి, ఉన్న నీళ్లు చల్లి, పెద్ద ముగ్గు వేసింది. గుమాస్తా గడప కూడా తొక్కలేదు. బియ్యప్పిండి నేలపాలు చేసేవాళ్లకు గాదె గింజలెందుకని పక్కింటికి వెళ్లిపోయాడు.

పాలెమంతా నాంచారికి చీవాట్లు పెట్టింది. పక్కింటి సుంకులు బతిమాలాడు.

"ఆయనొచ్చే రోజు వాకిలి వదిలెయ్యి అత్తా. ఒక్కరోజు నీ ముగ్గు చూడకపోతే మాకేం కళ్లు పోవులే."

"పీనుగ లేచిన ఇంటికిరా ముగ్గుండనిది. పోలి బతికుండగా నా వాకిలి బోడిగా ఉంచను."

ముసలమ్మ మొండిది. మాట అంటే మాటే.

గుమాస్తా రెండోసారి వచ్చాడు. వాకిట్లో మళ్లీ ముగ్గుంది. ఈసారి చిన్నది, గీతలు వంకర పోయాయి. అతను వెనక్కి తిరిగేలోగా నాంచారి అడ్డం నిలబడి, నేల మీది పొడి చిటికెడు తీసి చాపింది.

"ఇది పిండి కాదు బాబూ, రాయి. నాలిక్కి తగిలించుకుని చూడు."

"నీ వాకిట్లో మట్టి నాకమంటావా, ముసలమ్మా?"

"దంచేటప్పుడు రోజూ నా నోట్లో పడేదే. నేను చావలేదుగా. ఒక్క చిటికెడు, నాయనా."

వెనకున్న బంట్రోతు నవ్వాడు. గుమాస్తా నవ్వలేదు. పట్టీ మూసి, అక్షరం రాయకుండా వెళ్లిపోయాడు.

గుమాస్తా మూడోసారి వచ్చాడు. వాకిలి బోడిగా ఉంది. గీత లేదు, చుక్క లేదు. అతను తృప్తిగా కలం తీశాడు.

"ఇన్నాళ్లకు బుద్ధొచ్చింది. ముసలమ్మ పేరేమిటి?"

పోలి గడపలో కూర్చుని ఉంది. లేవలేదు.

"నాంచారి. మొన్న మంగళవారం మోసుకెళ్లారు."

గుమాస్తా ఒక్కడే గడప దాటి లోపలికి వెళ్లాడంటారు. మూలనున్న గంపలోంచి చిటికెడు పొడి తీసి నాలుక మీద వేసుకున్నాడని కొందరంటారు. వేసుకోలేదని కొందరంటారు. అది చూసింది పోలి ఒక్కతే. ఆ పిల్ల ఎవరికీ చెప్పలేదు.

ఇప్పటికీ ఆ గుట్ట కింద, ఇంట్లో ఏముందో చూసి పేర్లు రాసుకోవడానికి ఎవరొచ్చినా, ఎంత పెద్ద అధికారైనా, ముందు అరచేతిలో చిటికెడు ముగ్గుపొడి పెడతారు. నాలిక్కి తగిలించాకే తాగడానికి నీళ్లిస్తారు. నీళ్లు తాగాకే కలం తీయనిస్తారు. ఇదేం మర్యాద అని అడిగితే, నాంచారి మర్యాద అంటారు.

గుమాస్తా మూడోసారి వచ్చిన ఆ రోజు పోలికి వారానికి రెండు మానికల జొన్నలు రాశారు. గాదె తెరిచిన నలభయ్యో రోజున నాంచారి ఆకలితో చనిపోయింది. అప్పటికి గాదెలో సగం జొన్నలు అలాగే ఉన్నాయి.